పాడుబడ్డ గనిలో భయం ఎక్కడ పుడుతుంది? చిన్న హారర్ గేమ్‌ల లోపలి సంగతులు

ఒక్కరే కూర్చుని తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టే చిన్న హారర్ గేమ్‌లను వరుసగా ఆడి చూడండి. కథలు మారతాయి, దేశాలు మారతాయి, కానీ చోటు మాత్రం కొన్ని రకాలను దాటదు. పాత ఆసుపత్రి, అడవి మధ్య ఇల్లు, మూతపడిన బడి, పాడుబడ్డ గని. వీటిలో గని ఆటలు దాదాపు ఒకేలా మొదలవుతాయి. మన చేతిలో టార్చిలైటు, ఎదురుగా కలప దూలాలు నిలబెట్టిన సొరంగం నోరు, లోపలికి పోయే తుప్పుపట్టిన పట్టాలు. లోపల ఎవరో తప్పిపోయారు, లేదా ఏదో వెతికి తేవాలి. అరగంటకో గంటకో ఆట అయిపోతుంది. ఆ కాస్తసేపటికే అరచేతులు చెమర్చి ఉంటాయి.

విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి, మెరకముడిదాం చుట్టుపక్కల పెరిగిన నాలాంటివారికి గని కొత్త మాట కాదు. మాంగనీస్ తవ్వి వదిలేసిన గోతులు, వాటి పక్కన గుట్టలుగా పోసిన మట్టి చూస్తూ పెరిగాం. అందుకే ఇలాంటి ఆట ఆడినప్పుడల్లా రెండు ప్రశ్నలు కలిసే వస్తాయి. తెర మీది బొమ్మ ఇంతగా ఎలా భయపెడుతోంది? అసలు గనికి ఇది ఎంత దగ్గర?

నేను చెప్పదలచినది ఇది. గని మనిషి దగ్గర నుంచి నాలుగింటిని లాగేసుకుంటుంది: వెలుతురు, దిక్కు, గాలి, బయటికి దారి. భయం పుట్టేది అక్కడే. దెయ్యం తర్వాత వచ్చి చేరేది. గేమ్‌లు చేసేవారు మొదటి రెండింటినీ ఎంతో నేర్పుగా వాడుకున్నారు. తక్కిన రెండింటినీ దాదాపు ముట్టుకోలేదు. అసలైన భయం ఉన్నది ఆ రెండింట్లోనే.

చీకటికి ఖర్చు తక్కువ

ముందు ఖర్చు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది గనిని ఎంచుకోవడానికి మొదటి కారణం అదే. కంప్యూటర్ తెర మీద ఆట కదలాలంటే సెకనుకు ముప్ఫై, అరవై సార్లు బొమ్మను కొత్తగా గీయాలి. ఒక ఊరిని చూపించాలంటే ఆకాశం, చెట్లు, ఇళ్లు, దూరపు కొండలు, నడిచే మనుషులు అన్నీ గీయాలి. సొరంగంలో అలా కాదు. నాలుగు అడుగుల దూరంలో గోడ, పది అడుగుల దూరంలో మలుపు. మలుపు అవతల ఉన్నది కనిపించదు కాబట్టి దాన్ని గీయాల్సిన పని లేదు. గేమ్ ఇంజిన్, అంటే ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్, కంటికి ఆనని భాగాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ కూడా ఆ పని మోయగలదు.

బొమ్మలు తయారుచేసే శ్రమా తక్కువే. తిన్నగా పోయే ముక్క ఒకటి, వంపు తిరిగే ముక్క ఒకటి, రెండు దారులుగా చీలేది ఒకటి, కప్పు కూలి మూసుకుపోయినది ఒకటి, విశాలమైన గది ఒకటి. వీటినే అటూ ఇటూ తిప్పి అతికిస్తే గని మొత్తం తయారవుతుంది. వెలుతురులో చూస్తే ఈ అతుకులు ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. టార్చి వెలుగులో ఎవరూ పట్టలేరు. పైగా అన్ని దారులూ ఒకేలా కనిపించడం గని స్వభావమే కాబట్టి, తయారీలో పొదుపు ఆడేవారికి గందరగోళంగా అందుతుంది. 1999లో వచ్చిన సైలెంట్ హిల్ గేమ్‌లో ఊరంతా పొగమంచు కమ్ముకుని ఉంటుంది. అప్పటి ప్లేస్టేషన్ యంత్రం దూరంగా ఉన్నవాటిని గీయలేకపోవడంతో మంచుతో కప్పేశారు. ఆ మంచే ఆ ఆటకు గుర్తుగా మిగిలింది. గనిలో చీకటి చేసే పని కూడా అదే.

గోడో లాంటి ఇంజిన్లు ఉచితంగా దొరుకుతున్నాయి. 2014 నుంచి దాని లోపలి కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఇంజినీరింగ్ చదివే కుర్రవాడు హాస్టల్ గదిలో కూర్చుని ఇలాంటి ఆట పూర్తిచేయడం ఈ రోజున సాధ్యమే.

కంటి చుట్టూ గోడలు

ఈ ఆటలను ఫస్ట్ పర్సన్ అంటారు, అంటే పాత్ర మనకు కనిపించదు, పాత్ర కళ్లతో మనమే చూస్తాం. ఇందులోనే ఒక కోత ఉంది. మనిషి రెండు కళ్లూ కలిపి అడ్డంగా సుమారు 200 డిగ్రీల మేర చూడగలవు. ఎదురుగా చూస్తూనే పక్కన ఏదైనా కదిలితే పసిగడతాం. తెర మీద ఆట చూపించేది సాధారణంగా 60 నుంచి 90 డిగ్రీలే. పక్కచూపు మొత్తం పోయింది. సొరంగంలో ఎడమకు చీలిన దారి పక్కగా నడిచి వెళుతున్నా, తల తిప్పితే తప్ప అది ఉన్నట్టే తెలియదు.

తల తిప్పడం కూడా ఊరికే రాదు. మౌస్ కదిపితే టార్చి వెలుగు కూడా దానితోపాటు తిరుగుతుంది. వెనక్కి చూసినంతసేపూ ముందు చీకటి, ముందుకు చూసినంతసేపూ వెనుక చీకటి. ఏ వైపు చూసినా రెండో వైపును వదులుకోవాల్సిందే. ఆటలో ఏ దెయ్యమూ రాకముందే ఈ అమరిక ఆడేవారి మెడ మీద కూర్చుంటుంది.

చాలా హారర్ గేమ్‌లు మొదలయ్యే ముందు ఒక తెర కనిపిస్తుంది, దాన్ని చాలామంది తొందరగా దాటేస్తారు. నల్లటి నేపథ్యం మీద పక్కపక్కనే మూడు గుర్తులుంటాయి. మొదటిది స్పష్టంగా కనిపించాలి, రెండోది లీలగా కనిపించాలి, మూడోది అసలు కనిపించకూడదు, అలా వచ్చేవరకు వెలుతురును సరిచేసుకోండి అని రాసి ఉంటుంది. నన్నడిగితే ఆటలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. తనకు ఎంత కనిపించకూడదో ఆడేవారే తమ చేత్తో ఒప్పుకుని ముందుకు వెళతారు. ట్యూబులైటు కింద, వెలుతురును చివరి దాకా పెంచుకుని ఆడితే ఆ ఆటలో ఏమీ మిగలదు. గోడలు బూడిదరంగులో తేలిపోతాయి, అంతే.

చీకటి గురించి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అలాంటి రాత్రులు గడిపినవారికి ఒక విషయం అనుభవంలో ఉంటుంది. టార్చి ఆర్పేసి కాసేపు ఆగితే చుక్కల వెలుగుకే దారి కనబడడం మొదలవుతుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. టార్చి వెలుగుతున్నంతసేపూ మాత్రం ఆ అలవాటు రాదు, వెలుగు పడని చోటు మరింత నల్లగా కనిపిస్తుంది. గనిలో పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ చుక్కలు లేవు, ఎంతసేపు ఆగినా కన్నుకు దొరికేది ఏమీ లేదు. దీపం లేకుండా కుదరదు, దీపం ఉంటే దాని అంచు అవతలిది కనబడదు. ఆటలో టార్చి వెలుగును కావాలనే సన్నగా పెడతారు, ఆ అంచు ఎప్పుడూ కళ్ల ముందే ఆడాలని.

చెవికి దొరకని దిక్కు

శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో మనిషి ఎలా పోల్చుకుంటాడు? కుడి వైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. అయినా మెదడు దాన్ని పట్టుకుంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడమని ఈ ఆటలు అడిగేది ఆ తేడాను అచ్చంగా చెవికి అందించడానికే. సొరంగంలో మాత్రం శబ్దం గోడలను తాకి అన్ని వైపుల నుంచీ తిరిగి వస్తుంది. ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎక్కడున్నారో తెలియదు. ఈ రెండింటి మధ్య ఉండే ఖాళీని మంచి శబ్దకారుడు గంటసేపు సాగదీయగలడు.

నాకు బాగా నచ్చే ఉపాయం ఒకటుంది, దీనికి బొమ్మలు కూడా అక్కర్లేదు. మనం నడుస్తుంటే మన అడుగుల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది, కంకర మీద ఒకలా, చెక్క మీద ఒకలా, నీళ్లలో ఒకలా. కొంతసేపటికి అది చెవికి ఆనదు. అప్పుడు మనం ఆగిన తర్వాత ఒక్క అడుగు అదనంగా వినిపిస్తారు. ఒక్కటే. అది మన ప్రతిధ్వనా, మరొకరిదా అని నిలబడి ఆలోచించే ఆ కొద్ది సెకన్లలో తెర మీద ఏమీ జరగదు. ఆట తయారుచేసినవారు ఆ సమయానికి ఖర్చుపెట్టింది ఒక చిన్న శబ్దం ముక్క మాత్రమే.

వెంటాడేది ఏమిటి?

ఆడేవారు ఎవరో తమను వెంటాడుతున్నారని అనుకుంటారు. చాలా చిన్న ఆటల్లో వెనుక నిజంగా ఏమీ ఉండదు. సొరంగంలో అక్కడక్కడ కంటికి కనిపించని పెట్టెలు అమర్చి ఉంటాయి, వాటిని ట్రిగ్గర్లు అంటారు. మనం ఆ పెట్టెలోకి అడుగుపెట్టగానే, ముందే రాసిపెట్టిన ఘటన నడుస్తుంది. దూరంగా ఒక టబ్బు, అంటే పట్టాల మీద ఖనిజం మోసే బండి, కదులుతుంది, ఒక బల్బు ఆరుతుంది, మలుపు దగ్గర ఒక ఆకారం దాటిపోతుంది. గీత దాటేవరకు ఆ ఆకారం గనిలో ఎక్కడా లేదు.

పెద్ద సంస్థలు ఇంకా లోతుగా వెళతాయి. 2014లో వచ్చిన ఏలియన్: ఐసొలేషన్ అనే గేమ్‌లో వెంటాడే జీవిని రెండు పొరలుగా నడిపారు. పై పొరకు ఆడేవారు ఎక్కడున్నారో ఎప్పుడూ తెలుసు. కానీ అది జీవికి కచ్చితమైన చోటు చెప్పదు, ఆ చుట్టుపక్కలకు మాత్రం తోలుతుంది. వెతికి పట్టుకోవడం జీవి తన కళ్లతో, చెవులతో చేసుకోవాలి. అందుకే అది దగ్గరలోనే తచ్చాడుతున్నట్టూ ఉంటుంది, మోసం చేస్తున్నట్టూ ఉండదు. ఒక్కరు చేసే ఆటలో ఇంత అమరిక కష్టం. కానీ సూత్రం తీసుకోవచ్చు: దగ్గరలో ఉందన్న సంగతి తెలియాలి, చోటు తెలియకూడదు.

హఠాత్తుగా ముఖం తెర మీదికి దూకి అరిచే పద్ధతి కూడా ఉంది. పెద్ద శబ్దానికి కనురెప్ప కొట్టుకోవడం, భుజాలు బిగుసుకోవడం ఆలోచనకు ముందే జరిగిపోతాయి. అది శరీరం చేసే పని, అందులో ఆట గొప్పతనం ఏమీ లేదు. పదే పదే చేస్తే శరీరం కూడా పట్టించుకోవడం మానేస్తుంది. గని ఆటలో ఇలాంటివి రెండు మూడు పెట్టారంటే, అరగంట కష్టపడి కూడబెట్టిన బిగువును అరసెకనులో ఖర్చుపెట్టేసినట్టే. దూకిన వెంటనే ఆడేవారు ఊపిరి వదులుతారు, కొందరు నవ్వుతారు కూడా. అప్పటిదాకా పడ్డ శ్రమ అక్కడితో పోయింది.

ఇంతకన్నా పెద్ద నష్టం చావు. పాత్ర చనిపోయి ఆట మళ్లీ మొదటికి వచ్చిందంటే, ఆడేవారికి పాఠం దొరికిపోతుంది. ఈ మలుపులో పట్టుకుంటుంది, కుడికి పరుగెత్తాలి. రెండోసారికి దెయ్యం దెయ్యంగా ఉండదు, దాటాల్సిన పరీక్షగా మారుతుంది. చిన్న ఆటకు ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది. నిడివి తక్కువ కాబట్టి ఒక్కసారి కూడా చంపకుండా చివరిదాకా నడిపించగలదు. 2014లో పి.టి. అనే ఉచిత ఆట ఇంటిలోని ఒకే ఒక్క వంకర నడవాను మళ్లీ మళ్లీ తిప్పుతూ, ప్రతిసారీ చిన్న తేడాతో చూపించింది. మరుసటి ఏడాది దాన్ని ఆన్‌లైన్ అంగడి నుంచి తీసేసినా, ఒక నడవా చాలునని చిన్న డెవలపర్లు అప్పటికే నేర్చుకున్నారు.

నిడివి మాటెత్తాం కాబట్టి డబ్బు సంగతి కూడా. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల అంగడిలో కొన్న ఆటను 14 రోజుల లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. కొనేవారికి మంచి సదుపాయమే. కానీ గంటన్నరలో ముగిసే ఆటను పూర్తిగా ఆడి, మెచ్చుకుని, డబ్బు వెనక్కి తీసుకున్నవారు ఉన్నారు. 2021లో సమ్మర్ ఆఫ్ 58 అనే చిన్న హారర్ గేమ్ చేసిన ఎమికా గేమ్స్ డెవలపర్, ఈ వాపసుల దెబ్బకు ఆటల తయారీకి కొంతకాలం దూరమవుతున్నానని ప్రకటించాడు. దీన్ని తప్పించుకోవడానికి కొందరు ఆటను సాగదీస్తారు, ఐదు తాళంచెవులు వెతికిస్తారు, నడిచిన దారినే మళ్లీ నడిపిస్తారు. అలా సాగిన ప్రతి నిమిషం గనిని పరిచయమైన చోటుగా మార్చేస్తుంది. తెలిసిన చోట ఎవరికీ భయం వేయదు.

అసలు గనిలో చంపేవి

ఇప్పుడు గేమ్‌లు ముట్టుకోని భాగానికి వద్దాం.

కొండ పక్క నుంచి అడ్డంగా తొలిచే సొరంగాన్ని గని పనివారు చదునుగా తవ్వరు. లోపలికి పోయేకొద్దీ నేల కొంచెం కొంచెం ఎత్తు పెరిగేలా తవ్వుతారు. అలా అయితే లోపల ఊరిన నీరు తనంతట తాను బయటికి పోతుంది, ఖనిజం నింపిన బరువు టబ్బు తక్కువ శ్రమతో బయటికి దొర్లుతుంది, ఖాళీ టబ్బును మాత్రమే ఎగువకు తోయాలి. అంటే అలాంటి గనిలో దీపం ఆరిపోయినవాడికి పాదాల మీద పారే నీరు దారి చూపిస్తుంది. నీరు పోయే వైపే బయలు. ఇంత అందమైన ఆధారాన్ని వాడుకున్న గేమ్ నాకు తగల్లేదు. ఆటల్లో సొరంగాలు ఇష్టమొచ్చినట్టు పైకీ కిందికీ పోతాయి, నీరు అలంకారంగా నిలబడి ఉంటుంది. చీకట్లో నీరు ఎటు పారుతోందో చెవితో, అడుగుతో పోల్చుకోమని అడిగే ఆట ఎలా ఉంటుందో ఊహించండి. ఒక చోట నీరు తప్పు వైపు పారుతుంటే?

గాలి సంగతి దీనికన్నా భయంకరం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. పని నడిచే గనిలో గాలి ఒక దారిన లోపలికి వచ్చి మరో దారిన బయటికి పోయేలా చూస్తారు. గని వదిలేశాక ఆ ప్రవాహం ఆగిపోతుంది. కుళ్లే కలప, గాలి తగిలి మెల్లగా మారే ఖనిజం ఆక్సిజన్‌ను తినేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువైనది కాబట్టి పల్లపు చోట్లలో చేరి కూర్చుంటుంది. దానికి రంగు లేదు. మనిషికి మొదట ఆయాసం వస్తుంది, తర్వాత ఆలోచన మందగిస్తుంది, తనకు ఏదో అవుతోందని గుర్తించే శక్తే ముందుగా పోతుంది. ఆక్సిజన్ 10 శాతం కిందికి పడితే స్పృహ తప్పడానికి ఎక్కువసేపు పట్టదు.

పాత గని పనివారికి దీని గురించి చెప్పే సాధనం చేతిలోనే ఉండేది. మంట దీపం. ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గేసరికి మంట ఆరిపోతుంది, మనిషి పడిపోకముందే. శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1815లో చేసిన దీపానికి చుట్టూ సన్నటి వల ఉంటుంది. బొగ్గు గనుల్లో మీథేన్ అనే మండే వాయువు ఉంటే మంట చుట్టూ నీలి ఛాయ లేచి హెచ్చరించేది. బ్రిటన్ గనుల్లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టడానికి కానరీ పిట్టలను కూడా లోపలికి తీసుకువెళ్లేవారు, 1986లో ఆ పద్ధతి మానేశారు. గేమ్‌లో మన చేతికి ఇచ్చే బ్యాటరీ టార్చి మాత్రం గాలి గురించి ఏమీ చెప్పదు. మనిషి పడిపోయిన తర్వాత కూడా అది వెలుగుతూనే ఉంటుంది. ఆటల్లో టార్చి ఆరిపోయేది బ్యాటరీ అయిపోయి, లేదా దెయ్యం దగ్గరికి వచ్చి. మంట దీపం ఇచ్చి, అది ఎర్రబడుతూ కుంచించుకుపోతుంటే ఆడేవారు వెనక్కి నడవాలి. ఆ పల్లం అవతలే వెతుకుతున్న మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు ఇక దెయ్యంతో పనేముంది?

ఇందులోనే మన తీరానికి అచ్చంగా సరిపోయే సంగతి ఒకటుంది. మూతపడిన గనులు వాతావరణ పీడనాన్ని బట్టి గాలిని పీలుస్తాయి, వదులుతాయి. బయట పీడనం పెరిగితే గాలి లోపలికి పోతుంది. పీడనం పడిపోతే లోపల మూలల్లో నిలిచిన చెడుగాలి సొరంగాల్లోకి, నోటి దాకా కదిలి వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే జరిగేది పీడనం పడిపోవడమే. ఆట మొదట్లో కళింగపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక జారీ చేశారని రేడియోలో ఒక మాట వినిపిస్తుంది, ఆడేవారు పట్టించుకోరు. గంట తర్వాత, ఇంతకుముందు క్షేమంగా నడిచి వచ్చిన దారిలోనే దీపం ఆరిపోతుంది. ఇందులో కల్పితం కథ మాత్రమే, కారణం భౌతికశాస్త్రానిది.

కప్పు గురించి కొద్దిగా. కప్పుకు ఆసరాగా నిలబెట్టే కలప దిమ్మెలను పాతకాలం పనివారు నమ్మేవారు, ఎందుకంటే బరువు పెరిగితే కలప ముందుగా కీచుమంటుంది, చిట్లుతుంది, పారిపోవడానికి వ్యవధి ఇస్తుంది. ఆటల్లో చెక్క కీచుమనడం ఊరికే వాతావరణం కోసం వినిపిస్తారు. అది అర్థమున్న శబ్దమైతే, విన్నవాడు బతుకుతాడు.

ఇక నీరు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా బొగ్గు గనిలోకి, నీరు నిండిన పాత తవ్వకాల నుంచి నీరు విరుచుకుపడింది. 370 మందికి పైగా చనిపోయారు. పక్కన వదిలేసిన గని ఎంత దూరంలో ఉందో, అందులో ఎంత నీరుందో పటంలో ఒకలా ఉండి నిజంలో ఒకలా ఉంటే జరిగేది ఇదే. గేమ్‌లలో మనకు పటం దొరికితే హమ్మయ్య అనుకుంటాం. అసలు గనిలో తప్పు పటం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

మాంగనీస్ నేల మీద

ఇలాంటి ఆటల గనులు ఎక్కువగా చలిదేశాలవి. 2007లో స్వీడన్ సంస్థ ఫ్రిక్షనల్ గేమ్స్ చేసిన పెనంబ్రా: ఓవర్చర్ గ్రీన్‌లాండ్‌లో వదిలేసిన గనిలో నడుస్తుంది. దాన్ని చూసి మన పిల్లలు కూడా మంచు, ఉన్ని కోట్లు, అదే రకం సొరంగం గీస్తుంటే నాకు బాధేస్తుంది. మన కాళ్ల కింద ఉన్నది వేరు.

భారతదేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో మొదలైంది మన ప్రాంతంలోనే, అప్పటి విశాఖపట్నం జిల్లాలో. కోడూరు గని పేరు మీద ఒక రాతి రకాన్ని కోడూరైట్ అని భూగర్భశాస్త్రంలో నేటికీ పిలుస్తారు, ఆ పేరు పెట్టిన భూగర్భశాస్త్రవేత్త ఫెర్మర్ 1909లో దేశంలోని మాంగనీస్ నిక్షేపాల మీద పెద్ద గ్రంథమే రాశాడు. గర్భాం, దేవాడ, సదానందపురం ఆ పటంలోని ఊళ్లు. ఈ ఖనిజం ఉక్కు తయారీకి కావాలి. గరివిడిలో ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం వచ్చింది అందుకే.

ఇక్కడి గనుల్లో ఎక్కువ భాగం ఉపరితల గనులు. సొరంగం కాదు, మెట్లు మెట్లుగా దిగే పెద్ద గొయ్యి. వదిలేశాక వాననీరు నిండి, అంచులు వదులై, లోతు తెలియని చెరువులా నిలుస్తుంది. తల మీద ఆకాశం ఉంటుంది. హారర్‌కు ఇది పనికిరాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. పైన చుక్కలు కనిపిస్తూ, నాలుగు వైపులా ఎక్కలేని గోడ ఉండి, దూరంగా హౌరా లైనులో గూడ్సు బండి పోతున్న చప్పుడు వినిపిస్తూ, అరిచినా వినేవారు లేని చోటు ఏ సొరంగానికీ తీసిపోదు. మనిషి ఉన్నాడన్న ఆనవాలు అందుతూనే ఉంటుంది, మనిషి మాత్రం అందడు.

పైరోలుసైట్ అనే మెత్తటి మాంగనీస్ ఖనిజాన్ని చేత్తో పట్టుకుంటే వేళ్లకు మసి అంటినట్టు నల్లగా అంటుకుంటుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది, వేలిగీతల్లో మాత్రం మిగిలిపోతుంది. ఫస్ట్ పర్సన్ ఆటలో మనకు కనిపించే మన శరీరం చేతులే కదా. ఆట సాగేకొద్దీ ఆ చేతులు నల్లబడితే, తాకిన తలుపు మీద, కాగితం మీద ఆ మరకలు పడితే, వచ్చిన దారికి గుర్తు దొరికినట్టే. మనం తాకని చోట అలాంటి మరక కనిపిస్తే?

ఇంకొక సంగతి. పాత టార్చి సెల్లును పగలగొడితే లోపల నల్లటి పొడి ఉంటుంది. అందులో ముఖ్యమైనది మాంగనీస్ డయాక్సైడ్, అంటే పైరోలుసైట్‌లో ఉండే పదార్థమే. గనిలో టార్చి వెలిగేది గనిలోని పదార్థంతోనే. కథ రాసేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ఇదే పదార్థంలో బరువైన నిజం కూడా ఉంది. మాంగనీస్ ధూళిని ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి పీల్చినవారికి నరాల జబ్బు రావచ్చు. 1837లోనే స్కాట్లాండ్‌లో ఆ ఖనిజాన్ని పొడిచేసే పనివారిలో దీన్ని గుర్తించారు. ముఖంలో కదలిక పోతుంది, నడక మారుతుంది. మొదటి దశలో కొందరికి కారణం లేని నవ్వు, లేనివి కనిపించడం వంటి లక్షణాలుంటాయి. చిలీ గని కార్మికులు దాన్ని మాంగనీస్ పిచ్చి అని పిలిచేవారు. 2010లో వచ్చిన అమ్నీసియా: ది డార్క్ డిసెంట్ తర్వాత చీకట్లో ఎక్కువసేపు ఉంటే పాత్ర మతి చెదిరినట్టు చూపించడం హారర్ గేమ్‌లలో వాడుకగా మారింది. అక్కడ మతి చెదరడానికి కారణం మాయ. ఇక్కడ కారణం ధూళి, ఆ ధూళి పీల్చమన్న పని, గుడ్డముక్క తప్ప ముక్కుకు ఏమీ ఇవ్వని కాలం. పాత్ర చూస్తున్నది దెయ్యమో జబ్బో చివరిదాకా తేలని ఆటను ఈ నేల మీద నిజాయితీగా చేయవచ్చు. దానికి జబ్బు పడ్డవారిని వింతగా చూపించనంత మర్యాద కావాలి.

ఆ మర్యాద గురించే నాకు ఈ రకం ఆటలతో తగాదా. గని కూలి చనిపోయిన కూలీలే చాలా ఆటల్లో రాక్షసులుగా లేచి వచ్చి మన మీద పడతారు. వాళ్లు చేసిన తప్పేమిటి? చాస్‌నాలాలో మునిగినవారు, 2018 డిసెంబరులో మేఘాలయలోని క్సాన్ దగ్గర ఎలుకబొరియ గనిలో, అంటే మనిషి పాకి పోయేంత ఇరుకైన గనిలో, చిక్కుకున్న 15 మంది, వీళ్లు భయపడినవారు, భయపెట్టినవారు కాదు. గనుల్లో ఒక పద్ధతి ఉంది. లోపలికి దిగే ప్రతి మనిషి పేరునా ఒక బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు ఇచ్చి, ఎక్కి వచ్చాక తీసుకోవాలి. పలక మీద మిగిలిన బిళ్లలను చూస్తే లోపల ఇంకా ఎవరున్నారో తెలుస్తుంది. ఆటలో ఆ బిళ్లల గది ఉండాలి, వాటి మీద పైల, బోర, మజ్జి అని మన ఇంటిపేర్లు ఉండాలి, ఆడేవారి పని ఆ మనుషులు ఎక్కడ ఆగిపోయారో కనుక్కోవడం కావాలి. లోపలున్నవారి నుంచి పారిపోయే ఆటకన్నా, వారి కోసం ఇంకా లోపలికి పోవాల్సిన ఆట ఎక్కువ భయపెడుతుంది. ఎందుకంటే వెనక్కి తిరగడానికి వీలుండదు.

చేయాలనుకునేవారికి నా సలహా ఒకటే. ముందు దెయ్యం బొమ్మ గీయకండి. ఒక్క దారి కట్టండి, నేల ఎత్తు పెరిగేలా. పాదాల దగ్గర నీరు పారనివ్వండి. మంట దీపం ఒకటి చేతికివ్వండి, ఒక పల్లంలో అది మెల్లగా కుంచించుకుపోయేలా లెక్క రాయండి. ఏ సంగీతమూ వద్దు. ఆట గురించి ఏమీ తెలియని స్నేహితుడికి హెడ్‌ఫోన్ ఇచ్చి, గదిలో లైటు తీసేసి, పక్కన కూర్చుని అతని చేతిని చూడండి. పల్లం దగ్గరికి రాగానే ముందుకు నడిపే మీట మీద నుంచి వేలు తీశాడా లేదా? తీయకపోతే దీపాన్ని, గాలిని మళ్లీ సరిచేయండి. తీస్తే, దెయ్యం కావాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు.